చెవి దాటని మోచేయి

కండెలపాలెంలో జామచెట్టు పైకొమ్మల కాయలు చిలకలవి. ఈ సంగతి పంచాయతీ కాగితాల్లో ఎక్కడా లేదు గానీ ఆ చుట్టుపక్కల చిలకలన్నిటికీ తెలుసు. మనిషి చెయ్యి అనేది ఆ ఊళ్ళో రొమ్ము దాకా వచ్చి ఆగిపోతుంది. అందుకని బట్టలారేసే దండేలు నడుమెత్తున కడతారు. పెళ్ళి ఫొటోలు చాప మీద కూర్చున్నవాడి కంటికి ఆనేటట్టు గోడకి కిందగా కొడతారు. కృష్ణాష్టమికి ఉట్టిని ఎంత కిందికి కట్టారంటే, ఒక ఏడు దాన్ని కొట్టడానికి వచ్చిన పెద్దమనిషి చూసుకోక దానికే తట్టుకుని పడ్డాడు. దేవుడి ముందు దణ్ణాలు కూడా బొడ్డు దగ్గరే పూర్తవుతాయి. దేవుడు ఆ ఊరివాళ్ళ దగ్గర పట్టింపులు పెట్టుకోడు.

ఇదంతా మగ్గం చలవ. గుంటమగ్గం మీద కూర్చున్నవాడు కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసే నాడె ఇటునుంచి అటు పరుగెడుతుంది. మళ్ళీ లాగితే అటునుంచి ఇటు. ఒక చీర దిగేసరికి ఆ తాడు ఎన్నిసార్లు లాగాలో పూర్వం ఒకాయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడట. సగం చీరలో మగ్గం దిగిపోయి సన్యాసుల్లో కలిశాడని చెప్పుకుంటారు. మిగతావాళ్ళు లెక్కపెట్టకుండా లాగారు. ముప్పై నలభై ఏళ్ళు లాగాక భుజం ఒకానొక రోజు మొరాయిస్తుంది.

అవ్వారు చెంగయ్య భుజం ఒక మంగళవారం పొద్దున మొరాయించింది. చొక్కాలో ఎడమచెయ్యి దూరింది. కుడిచెయ్యి వెనక్కి పోనంది. పైకి పోనంది. పక్కకి కాస్త పోయి "అమ్మా" అనిపించింది. సగం చొక్కా తొడుక్కుని, మిగతా సగం వీపున వేలాడేసుకుని ఆయన వసారాలోకి వస్తే భార్య నాంచారమ్మ ఎగాదిగా చూసింది.

"ఏందయ్యా ఆ వాలకం? గాలిపటం తోక మాదిరి?"

"భుజం రాటంలేదే."

"నీదీ పోయిందా? సరిపోయింది. మా తమ్ముడిది పోయి నాలుగు నెల్లు. ఇంక ఇద్దరూ ఒకరి వీపు ఒకరు గోక్కోండి."

నాంచారమ్మ నోటితో ఎంత అన్నా చేత్తో ఆముదం కాచింది. ఇసక మూట కట్టి కాపడం పెట్టింది. ఎదురింటి ముసలమ్మ దిష్టి అంది, దిష్టి తీశారు. పొరుగూరి కట్లాయన వచ్చి మినప్పిండీ గుడ్డుసొనా కలిపి భుజానికి పట్టు వేశాడు. మూడో రోజుకి ఆ పట్టువల్ల బాగుపడింది చీమలు మాత్రమే.

జిల్లా ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. బస్సులో నిలబడాలంటే పైన కమ్మీ పట్టుకోవాలి. కుడిచేత్తో కమ్మీ పట్టుకోగలిగినవాడికి ఆ ఆసుపత్రితో పనిలేదు. చెంగయ్య ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, పళ్ళతో టిక్కెట్టు పట్టుకుని, కండక్టరు అడిగిన ప్రతిదానికీ తలాడిస్తూ చేరుకున్నాడు.

ఎముకల డాక్టరు ఆయన చేతిని ముందుకీ పక్కకీ నెమ్మదిగా తిప్పి చూశాడు.

"భుజం బిగుసుకుంది పెద్దాయనా. కీలు చుట్టూ పల్చటి తొడుగుంటుంది, అది వాచి, ముడుచుకుని, గట్టిపడింది. షుగరుందా?"

"పదేళ్ళ నుంచి ఉందండి."

"అదీ తోడైంది. మీ ఊరినుంచి ఇంకా చాలామంది వస్తున్నారు. కొందరికి ఇదే. కొందరికి చేతిని పైకి లాగే పట్టీలు రాపిడికి అరిగిపోయినై. మందుబిళ్ళ నొప్పి తగ్గిస్తది. అవసరమైతే కీల్లోకి ఒక సూది వేస్తాం. చెయ్యి పైకి లేవాలంటే మాత్రం వ్యాయామమే. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. కదపకుండా కట్టేసుకుని కూర్చోవద్దు, ఎవడిచేతా బలవంతాన గుంజించుకోవద్దు."

వ్యాయామం నేర్పే అమ్మాయి పేరు సలోమి. ఆవిడ చెంగయ్యని గోడ ముందు నిలబెట్టి, సాలీడు ఎక్కినట్టు వేళ్ళతో గోడ ఎక్కమంది. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపమంది. పైన గిలకకు వేసిన తాడు ఒక కొస కుడిచేతికీ ఒక కొస ఎడమచేతికీ ఇచ్చి, మంచిచేత్తో మొరాయించిన చేతిని పైకి లాగమంది. చెంగయ్య వేళ్ళు గోడ మీద గడ్డం దాకా ఎక్కి ఆగిపోయాయి.

"వారానికి మూడుసార్లు రావాలి పెదనాన్నా."

"మూడుసార్లు వస్తే మగ్గమెక్కేదెప్పుడమ్మా? మామిడిపిందె అంచు నేసేవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలా. నా చెయ్యి ఆగితే ఆ అంచూ ఆగినట్టే."

సలోమి ఆలోచించింది. "చేనేత సంఘాలకి కొత్త స్కీమొచ్చింది. మీ సంఘం తీర్మానం చేసి పంపితే వారానికి మూడ్రోజులు నేనే మీ ఊరొస్తా. కానీ ఈ ఏడు జిల్లా మొత్తానికి ఒక్క కేంద్రమే. మార్చి ముప్పై ఒకటిలోపు తీర్మానం అందకపోతే వేరే ఊరికి పోద్ది."

అది జనవరి నెల. చెంగయ్య తిరుగుబస్సులో కూర్చోడానికి చోటు దొరికినా సంతోషం పట్టలేక నిలబడే వచ్చాడు.

తీర్మానమంటే సంఘంలో మహాజనసభ పెట్టి చేతులెత్తడం. అంతవరకూ చిక్కులేదు. చిక్కంతా ఎత్తిన చెయ్యి అంటే ఏమిటన్న దగ్గర ఉంది. కొన్నేళ్ళ కిందట ఏదో ఊరి సంఘంలో ఒక సభ్యుడు తల గోక్కుంటుంటే ఆ చేతిని కూడా లెక్కలో వేసుకుని, ఒక్క చేతి తేడాతో ఏదో తీర్మానం గెలిపించారట. ఆ గోకుడు కోర్టుకెక్కింది. ఏడేళ్ళు విచారణ జరిగింది. అప్పుడు పైవాళ్ళు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఎత్తిన చేయి అనగా కుడిచేయి. మోచేయి అదే వైపు చెవికన్నా ఎత్తులో ఉండవలెను. అట్లు లేని ప్రతి చేయి సదరు ప్రతిపాదనకు వ్యతిరేకమైనదిగా పరిగణించబడును.

ఈ ఉత్తర్వును అమలుపరచడానికి జిల్లా కార్యాలయం నుంచి పర్యవేక్షణాధికారి పరాంకుశరావుగారు వచ్చారు. ఆయన చేతిలో తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఉంది. దాన్ని చెవికీ మోచేతికీ మధ్య పట్టి, గాజుగొట్టంలో బుడగ ఎటు పోతుందో చూసి ఓటు నిర్ణయిస్తారు. లంచం తీసుకోరు, టీ తాగరు, నవ్వరు. నియమావళిని సంచిలో పెట్టుకుంటే నలుగుతుందని ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేస్తారు.

సంఘం హాల్లో నూట పన్నెండు మంది సభ్యులు కూర్చున్నారు. పరాంకుశరావుగారు లేచారు.

"గౌరవ సభ్యులారా! ప్రతిపాదిత భుజ చికిత్సా కేంద్ర స్థాపన విషయమై అనుకూలురైనవారు, నియమావళిని అనుసరించి, తమ తమ కుడిచేతులను ఉత్తర్వులో నిర్దేశించిన ఎత్తునకు ఎత్తవలసినదిగా కోరడమైనది."

హాలంతా ఒక్కసారిగా మూలిగింది. నూట ఎనిమిది చేతులు తొడల మీదినుంచి లేచి, రొమ్ము దాకా వచ్చి, అక్కడ వణికి, తిరిగి తొడల మీదికి దిగాయి. ఎత్తున నిలిచినవి నాలుగే. బట్టలకొట్టు ఉన్న ప్రెసిడెంటు జగ్గారావుది ఒకటి, గుమాస్తాది ఒకటి, కాపలాదారుది ఒకటి, కాపలాదారు బావమరిదిది ఒకటి. మగ్గం గుంటలో కాలు పెట్టని ఈ నలుగురూ నేతసంఘంలో సభ్యులెలా అయ్యారన్నది వేరే కథ. వాళ్ళ భుజాలు మాత్రం దివ్యంగా ఉన్నాయి.

పరాంకుశరావుగారు నాలుగు చెవుల దగ్గరా రసమట్టం పెట్టి చూసి రాసుకున్నారు. "నలుగురు అనుకూలం. నూట ఎనిమిది మంది తీవ్ర వ్యతిరేకత. ప్రతిపాదన వీగిపోయినది."

చెంగయ్య లేచాడు. "అయ్యా, మేం వ్యతిరేకం కాదండి. ఎత్తలేకపోతన్నాం. ఆ ఎత్తలేకపోయేదానికే గదండీ కేంద్రం కావాలంటున్నది."

"ఎత్తుట, ఎత్తకుండుట అని రెండే స్థితులు నియమావళిలో ఉన్నవి. ఎత్తలేకపోవుట అనే స్థితి లేదు."

"ఎడంచెయ్యి ఎత్తుతామండి, అది బానే ఉంది."

"ఆశీర్వచనం, ప్రమాణం, ఓటు. ఈ మూడూ కుడిచేతివి."

"పోనీ ఆ 'తీవ్ర' అన్న మాటన్నా తీసెయ్యండి బాబూ. మేమెవరం నోరెత్తలా. కూర్చునే ఉన్నాం."

"కదలకుండా కూర్చున్నారు" అన్నారు పరాంకుశరావుగారు. "అదే తీవ్రత."

భుజ చికిత్స మాకొద్దన్న నేతన్నలు అని మర్నాడు పేపర్లో చిన్న అక్షరాల్లో పడింది. సాయంత్రం సలోమి ఫోను చేసింది. "నేనేం తప్పు చేశా పెదనాన్నా? ఆ తాడు గట్టిగా లాగించానా?" అని అడుగుతుంటే ఆ పిల్లకి ఏం చెప్పాలో చెంగయ్యకి తోచలేదు.

తోచినవాళ్ళు చెబితే ఒక అర్జీ రాశాడు. చేయి ఎత్తలేని సభ్యులకు చేయెత్తుట నుంచి మినహాయింపు ఇవ్వమని. పదిరోజులకు జవాబు వచ్చింది. మినహాయింపు కోరు సభ్యులు తమ అశక్తతను తెలుపు ధ్రువపత్రమును తమ గ్రామమందలి భుజ చికిత్సా కేంద్రము నుండి పొంది జతపరచవలెను అని అందులో ఉంది.

నాంచారమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది. "వీళ్ళు బువ్వ తింటన్నారా, కాగితాలు తింటన్నారా?" అని అడిగింది.

రెండో ఉపాయం నాంచారమ్మ తమ్ముడు పుల్లయ్యది. పుల్లయ్య కూడా మగ్గం మనిషే, అతని భుజం చెంగయ్య భుజం కన్నా నాలుగు నెలలు పెద్దది.

"బావా, ఆసుపత్రిలో ఆ పిల్ల గిలకా తాడూ ఇచ్చిందన్నావు గదా. మనకి కరువా? ఊరంతా గిలకలేగా."

మగ్గాల మీది గిలకలన్నీ విప్పుకొచ్చారు. సంఘం హాలు దూలాలకి నూట ఎనిమిది గిలకలు కట్టారు, నూట ఎనిమిది తాళ్ళు దించారు. కడుతుంటే నిచ్చెన మీదినుంచి గుమాస్తా పడబోయాడు. ఎత్తులో పనిచేయడానికి ఊళ్ళో చేతులు ఆ నలుగురికే ఉన్నాయి మరి. ఫిబ్రవరి మొదట్లో రెండో మహాజనసభ. పరాంకుశరావుగారు ప్రతిపాదన చదవగానే నూట ఎనిమిది ఎడమచేతులు తాళ్ళు కిందికి లాగాయి. నూట ఎనిమిది కుడిచేతులు కీచుకీచుమంటూ పైకి లేచాయి. కీచులు గిలకలవో భుజాలవో చెప్పడం కష్టం. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే అందరూ నవ్వారు. కొందరి మోచేతులు చెవి దాటాయి కూడా.

పరాంకుశరావుగారు రసమట్టం బయటికి తీయలేదు. వరసల మధ్య నడిచి ఒక్కొక్క తాటినీ పరిశీలించి, పుల్లయ్య దగ్గర ఆగారు.

"ఈ కుడిచేతిని ఎత్తినదెవరు?"

"నేనేనండి."

"దేనితో?"

"నా ఎడంచేత్తోనండి."

"అనగా ఈ చేయి తనంతట తాను లేవలేదు. మరొక చేయి లాగగా లేచినది." ఆయన చంకలోని నియమావళి తీసి పేజీ తిప్పారు. "తొమ్మిదవ నిబంధన. ఇతరుల ఒత్తిడిచే ఎత్తబడిన చేయి చెల్లదు."

"ఇతరులెవరండీ? రెండూ నావేగా?"

"నిబంధనలో చేయి అని ఉన్నది గాని, మనిషి అని లేదు."

ఆ సభ రద్దయింది. అంతటితో ఆగితే బాగుండేది. సభ్యుల కుడిచేతులపై బలప్రయోగం జరిగిందని పరాంకుశరావుగారు నివేదిక పంపారు. నూట ఎనిమిది ఎడమచేతుల నుంచి సంజాయిషీ కోరుతూ నోటీసులు వచ్చాయి. సంజాయిషీ కింద సంతకం ఏ చేత్తో పెట్టాలో తెలియక జనం రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. కుడిచేత్తో పెడితే బాధితుడు నిందితుడి తరఫున సంతకం చేసినట్టవుతుంది. చివరికి వేలిముద్రలు వేసి పంపారు.

గిలకలు విప్పి మళ్ళీ మగ్గాలకు కట్టుకునేలోగా ఊళ్ళో వారం రోజులు నేత ఆగింది. కానీ అందులో ఒక మేలు జరిగింది. ఖాళీగా ఉండి చెంగయ్య చాప మీద ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని, మిగిలిన కుడిచేతిని ఊరికే పక్కకి ఎత్తాడు. రొమ్ము దాకా వచ్చే చెయ్యి మామూలుగానే రొమ్ము దాకా వచ్చింది. అయితే మనిషి పడుకుని ఉన్నాడు గనుక ఆ చెయ్యి ఇప్పుడు ఇంటికప్పు వైపు చూస్తోంది. తల కిందుంది, మోచెయ్యి పైనుంది.

"నాంచారూ! ఇటు చూడు, నా మోచెయ్యి చెవి దాటిందా లేదా?"

ఆవిడ పొయ్యి దగ్గరినుంచి తొంగిచూసింది. "దాటింది. నీ బుద్ధీ దాటింది."

ఫిబ్రవరి ఆఖర్లో మూడో సభకి ఎవరి చాప వాళ్ళు తెచ్చుకున్నారు. ప్రతిపాదన చదవగానే నూట ఎనిమిది మంది గౌరవ సభ్యులు ఎడమ పక్కకి ఒత్తిగిలి, తలకింద ఎడమచెయ్యి పెట్టుకుని, శేషపానుపు మీద రంగనాథుల్లా పవళించి కుడిచేతులు ఎత్తారు. అంతమంది దేవుళ్ళు ఒక్కచోట పడుకున్న దృశ్యం ఏ క్షేత్రంలోనూ లేదు. ప్రెసిడెంటు జగ్గారావు కుర్చీలో కూర్చోవాలో, లేచి దణ్ణం పెట్టాలో తెలియక సగం లేచి ఉండిపోయాడు.

పరాంకుశరావుగారు నియమావళి మొదటినుంచి చివరిదాకా చదివారు. సభ్యుడు కూర్చుని ఉండవలెనని ఎక్కడా లేదు. ఆయన న్యాయమైన మనిషి. మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్క చాప దగ్గరా రసమట్టం పెట్టి, బుడగ చూసి, నూట ఎనిమిది ఓట్లూ, ఎప్పటి నలుగురి ఓట్లూ ఒప్పుకున్నారు. పూర్తయ్యేసరికి రెండున్నర గంటలు పట్టింది. పదకొండు మంది నిద్రపోయారు గానీ మోచేతులు దించలేదు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని ఆయన రాయగానే హాలు దద్దరిల్లింది. పుల్లయ్య పడుకునే ఈల వేశాడు.

మార్చి పదో తేదీన పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గుమాస్తా అరుగు మీద నిలబడి చదివాడు.

"సదరు సంఘ మహాజనసభ యందు నూట పన్నెండు మంది సభ్యులకు గాను నూట పన్నెండు మందియు తమ కుడిచేతులను నిర్దేశించిన ఎత్తునకు, ఇతరుల సహాయము లేకుండా, రెండున్నర గంటలసేపు నిలిపి ఉంచగలిగిరని పర్యవేక్షణాధికారి ధ్రువీకరించినందున, సదరు సంఘమందు భుజవ్యాధి లేదని తేలినది. కావున కేంద్రము అనవసరమని నిర్ణయించి, కండెలపాలెం భుజారోగ్యమునకు అభినందనలు తెలుపడమైనది."

అభినందన పత్రానికి అద్దం కట్టించి హాల్లో పెట్టారు. ఊరి ఎత్తునే పెట్టారు.

ఆ రోజు మధ్యాహ్నం చెంగయ్య అన్నం ముందు కూర్చుని కలపకుండా ఊరుకున్నాడు. కుడిచెయ్యి నోటిదాకా తేవాలంటే ముఖాన్ని కంచం దగ్గరికి దించాలి. అప్పటికి రెండు నెలలుగా అట్లాగే తింటున్నాడు. ఇరవై రోజులు పోతే కేంద్రం వేరే ఊరు పోతుంది. మామిడిపిందె అంచు మగ్గం మీద సగంలో ఉంది.

"పులుసు పోసుకుంటావా?" అంది నాంచారమ్మ.

మాట్లాడలేదు.

"నిన్నే. పులుసు వద్దా?"

మాట్లాడలేదు.

"అదిగో, ఆ వచ్చినాయన మాదిరిగా నేనూ రాసుకుంటా. మొగుడు ఉలకలా పలకలా, పులుసు వద్దన్నాడు. తీవ్రంగా వద్దన్నాడు." గరిటె గిన్నెలో పెట్టి నాంచారమ్మ ఇంకా అంది. "వాళ్ళ లెక్కలో ఊరుకుంటే వద్దన్నట్టే గదా. మరి ఊరుకోవటమేగా మీ ఊరి మగాళ్ళకి చేతనైన పని. కేంద్రం వద్దు అన్నదాన్ని పెట్టి, దాన్ని వద్దనరాదూ?"

చెంగయ్య కంచంలోంచి తల ఎత్తాడు. ఎత్తి, పులుసు పోసుకున్నాడు. తిని, గుమాస్తా ఇంటికి వెళ్ళాడు.

నాలుగో మహాజనసభ మార్చి ముప్పైన జరిగింది. ప్రతిపాదన చెంగయ్యదే. ఈ సంఘ సభ్యుల భుజాలు దివ్యంగా ఉన్నవి గనుక భుజ చికిత్సా కేంద్రం అక్కరలేదని తీర్మానించడమైనది. చదువుతుంటే పరాంకుశరావుగారి ముఖంలో మొట్టమొదటిసారి వెలుగు లాంటిది కనిపించింది.

"సంఘము ఎట్టకేలకు వాస్తవమును గుర్తించినందుకు సంతోషము. అనుకూలురు చేతులెత్తవలెను."

ప్రెసిడెంటు ఎత్తాడు. గుమాస్తా ఎత్తాడు. కాపలాదారూ, అతని బావమరిదీ ఎత్తారు. నూట ఎనిమిది మంది తొడల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే చెంగయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పివచ్చాడు: ఒక్కడు తల గోక్కున్నాడంటే ఏడేళ్ళు కోర్టు.

అప్పుడు ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి చెంగయ్య బట్టతల మీద వాలింది. అటు నడిచింది, ఇటు నడిచింది. నడినెత్తిన ఆగి కాళ్ళు తుడుచుకుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది, కొట్టవచ్చు. కానీ ఆ ఎడమచెయ్యి సంజాయిషీ ఇచ్చుకున్న చెయ్యి, పోలీసుల దృష్టిలో ఉన్నవాడి మాదిరిగా ఒద్దికగా ఉండాలి. చెంగయ్య కళ్ళు మూసుకున్నాడు. పక్కన పుల్లయ్య నోరు కదపకుండా గొణిగాడు.

"బావా, ఊదనా?"

"ఊదావంటే చంపుతా. కదలమాక."

పరాంకుశరావుగారు వరసలన్నీ తిరిగి, రసమట్టం నాలుగు చెవుల దగ్గర పెట్టి, బల్ల దగ్గరికి వచ్చి కలం తీశారు. "నలుగురు అనుకూలం. నూట ఎనిమిది మంది..." కలం ఆగింది. ఆయన మళ్ళీ ప్రతిపాదన చదివారు. మళ్ళీ సభని చూశారు. "ఇది వీగిపోయినచో... కేంద్రము అక్కరలేదనుట వీగిపోయినచో..."

"అక్కర ఉన్నట్టేనండి" అన్నాడు చెంగయ్య.

"భుజములు దివ్యముగా ఉన్నవనుట కూడా..."

"అదీ వీగిందండి. మా భుజాల మాదిరిగానే."

"మీరు నిజముగా వ్యతిరేకులా? లేక..."

"కదలకుండా కూర్చున్నాం బాబూ. మీరే చూశారుగా. తీవ్రంగా."

చెంగయ్య నెత్తిమీద ఈగ ఆగింది. పరాంకుశరావుగారు నియమావళి అట్ట మీద చెయ్యి పెట్టారు. ఆ మనిషి మనసులో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. తలుచుకుంటే కాగితం చించి సంచిలో వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ ఉత్తర్వును మీరడం ఆయనకి చేతకాదు. కండెలపాలెం వాళ్ళకి చెయ్యెత్తడం ఎట్లాగో, ఆయనకి నిబంధన తప్పడం అట్లాగ.

"నూట ఎనిమిది మంది తీవ్ర వ్యతిరేకత" అని రాసి సంతకం పెట్టారు. "మహాజనసభ నిర్ణయము సర్వోన్నతమైనది గనుక వెనుకటి ఉత్తర్వు చెల్లదు. రేపు పదిన్నరకు పత్రములు పంపెదను."

అప్పుడు చెంగయ్య ఎడమచేత్తో నెత్తిమీద ఫెళ్ళున కొట్టుకున్నాడు. ఈగ తప్పించుకుంది.

సలోమి ఏప్రిల్లో వచ్చింది. సంఘం హాల్లో ఒక గోడకి సున్నం కొట్టించి, దాని మీద ఊరందరిచేతా వేళ్ళతో ఎక్కించింది. ఎవరి వేళ్ళు ఎంతదాకా వెళ్ళాయో బొగ్గుతో గీత పెట్టి పేరు రాసేది. ఆ గీతలు వారానికి బెత్తెడు పెరగలేదు, అంగుళం కూడా పెరగలేదు. కొన్ని వారాలు కిందికి కూడా దిగాయి. "నిన్న మొండిగా లాగావు కదూ పెదనాన్నా? నొప్పి దగ్గర ఆగమన్నానా లేదా?" అని ఆవిడ కేకలేసేది. మగ్గం మీదినుంచి గంటకొకసారి లేపి నిలబెట్టేది. షుగరు బిళ్ళలు మింగారా లేదా అని నాంచారమ్మని అడిగేది. దీపావళికి చెంగయ్య చొక్కా రెండు చేతులా తొడుక్కున్నాడు. సంక్రాంతి వెళ్ళాక ఆయన గీత నెత్తి ఎత్తు దాటింది. ఫిబ్రవరిలో ఒకరోజు జామచెట్టు కింద నిలబడి పైకొమ్మ అందుకుని కాయ తెంపాడు. చిలకలు పెద్ద రభస చేశాయి.

మార్చిలో పరాంకుశరావుగారు మళ్ళీ వచ్చారు, రసమట్టంతో. కేంద్రం కొనసాగింపు విషయం. మెజారిటీ సభ్యులు చేయెత్తగలిగిన పక్షంలో లక్ష్యం నెరవేరినదిగా భావించి కేంద్రాన్ని ఎత్తివేయవలెనని కొత్త ఉత్తర్వు. అప్పటికి డెబ్భైమందికి చేతులు లేస్తున్నాయి. ముప్పై ఎనిమిది మందికి ఇంకా రొమ్ము దగ్గరే ఉన్నాయి. పుల్లయ్య వాళ్ళలో ఒకడు. అతనిది అరిగిన పట్టీ, మెల్లగా వచ్చే రకం.

ప్రతిపాదన చెంగయ్యే పెట్టాడు. కేంద్రం ఇక అక్కరలేదు అని. పరాంకుశరావుగారు చదివారు. నలుగురు ఎత్తారు. మిగతావాళ్ళు కూర్చున్నారు.

కిందటేడు కూర్చోవడానికీ ఈ ఏడు కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. కొత్తగా లేచిన చెయ్యి కొత్తగా నడక వచ్చిన పిల్లవాడి లాంటిది, ఒకచోట ఉండదు. ఎవరు 'చేయి' అన్నా ఎగరబోతుంది. డెబ్భైమంది చెమటలు పట్టి కూర్చున్నారు. కొందరు పంచె చెంగుతో మణికట్టు కట్టేసుకున్నారు. చెంగయ్య తన కుడిచేతిని తొడకింద పెట్టుకుని దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు.

పరాంకుశరావుగారు ఆయన ముందు ఆగారు. "ఆ చేయి ఎక్కడ?"

"ఉందండి. కూర్చోబెట్టా."

ఆయన రాసుకుని ముందుకు సాగారు. పుల్లయ్య మెల్లగా బావ చెవి దగ్గరికి వంగాడు.

"నీకు తగ్గింది గదా బావా. నువ్వెందుకు అట్టా నలిగిపోతన్నావు? ఎత్తుకో, సుఖంగా."

"నోర్మూసుకు కూర్చోరా పుల్లాయ్" అన్నాడు చెంగయ్య, తొడకింద తిమ్మిరెక్కుతున్న చేతిని ఇంకాస్త అదిమిపట్టి. "నీది చెవి దాటనీ, ఇద్దరం కలిసి ఎత్తుదాం."